గడ్డలోకి చేరిన తెల్లకణాలన్నీ మనవైపు లేవు: ‘ఇమ్యూనిటీ’ సందేశానికి జవాబు

అమెరికాలోని పేరున్న వైద్య సంస్థ జాన్స్ హాప్కిన్స్ పేరు తగిలించిన ఒక సందేశం ఏళ్ల తరబడి తిరుగుతోంది. మొదట ఇంగ్లీషులో ఈమెయిలుగా పుట్టింది, ఇప్పుడు తెలుగులో వాట్సాప్ సందేశంగా ఇంటింటికీ వస్తోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: ప్రతి మనిషి ఒంట్లోనూ క్యాన్సర్ కణాలు ఉంటాయి, రోగనిరోధక శక్తి బలంగా ఉన్నంతకాలం అవి చచ్చిపోతుంటాయి, అది పడిపోతేనే జబ్బు బయటపడుతుంది. కీమో, రేడియేషన్ ఆ శక్తిని నాశనం చేస్తాయి. క్యాన్సర్ కణాల చుట్టూ గట్టి ప్రోటీన్ గోడ ఉంటుంది కాబట్టి మాంసం మానేస్తే దాన్ని అరిగించే ఎంజైములు మిగిలి ఆ గోడ మీద పడతాయి, అది బలహీనపడి, ఒంట్లోని ‘కిల్లర్ సెల్స్’ వాటిని చంపేస్తాయి. మన చేతుల్లో పడ్డాక దీనికి రొమ్ము క్యాన్సర్ ప్రత్యేకంగా చేరింది. తిప్పతీగ కషాయం చేరింది. చంకలో గ్రంథులు తీయించుకోవద్దన్న హెచ్చరిక చేరింది. చివరికి ఇమ్యునోథెరపీకి, అంటే రోగనిరోధక కణాలనే క్యాన్సర్ మీదికి పంపే వైద్యానికి, నోబెల్ బహుమతి వచ్చిన సంగతి కూడా సాక్ష్యంగా చేరింది.

ఇది తమది కాదని జాన్స్ హాప్కిన్స్ సంస్థ బహిరంగంగా ప్రకటించి, ఒక్కో మాటకూ జవాబు ఇచ్చింది. అయినా ఆగలేదు. పచ్చి అబద్ధమైతే ఎప్పుడో ఆగిపోయేది. ఇందులో ఉన్నవి సగం నిజాలు, అందుకే చదువుకున్నవాళ్లు కూడా నమ్మి పంపుతున్నారు. భారతదేశంలో 2022 ఒక్క ఏడాదిలో సుమారు 1,92,000 మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిందని, సుమారు 98,000 మంది దానితో చనిపోయారని అంతర్జాతీయ అంచనా. ఈ సందేశం నేరుగా చేరేది వాళ్ల ఫోన్లకే. అందుకే ఒక్కొక్క మాటా తీసుకుని చూద్దాం.

“అందరిలోనూ క్యాన్సర్ కణాలు ఉంటాయి, బలమైన ఇమ్యూనిటీ వాటిని చంపేస్తుంది.”

కణాలు విడిపోయేటప్పుడు డీఎన్ఏలో పొరపాట్లు జరుగుతాయి. నిజమే. దారి తప్పిన కణాల్లో కొన్నింటిని రోగనిరోధక కణాలు పసిగట్టి చంపుతాయి. అదీ నిజమే. అయితే పొరపాటు జరిగిన ప్రతి కణమూ క్యాన్సర్ కణం కాదు. చాలా పొరపాట్లను కణమే సరిదిద్దుకుంటుంది, వీలుకాకపోతే తనంతట తానే చచ్చిపోతుంది.

సందేశం చెప్పని సగం ఇంకొకటి ఉంది. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ష్రైబర్, ఆయన సహచరులు 2002లో ఒక వివరణ ముందుకు తెచ్చారు. దాని ప్రకారం రోగనిరోధక వ్యవస్థకూ క్యాన్సర్‌కూ మధ్య జరిగేది మూడు దశల వ్యవహారం: మొదట నిర్మూలన, తర్వాత ఏళ్ల తరబడి ఎటూ తేలని నిలకడ, చివరికి తప్పించుకోవడం. సులువుగా దొరికే కణాలను రోగనిరోధక వ్యవస్థ ఏరేస్తూ పోతే, దొరకని కణాలే మిగిలి పెరుగుతాయి. చేతికి తగిలే గడ్డలో ఉన్నవి అలా మిగిలిన కోట్ల కణాలు. బలమైన రోగనిరోధక శక్తి ఉన్న మనిషిలోనే, ఆ శక్తి కన్నుగప్పే విద్య నేర్చిన కణాలవి. కాబట్టి ‘బలం పెంచితే చచ్చిపోతాయి’ అన్న మాట గడ్డ కనబడిన రోజుకే కాలం చెల్లిన మాట.

“ఇమ్యూనిటీ పడిపోతేనే రొమ్ము క్యాన్సర్ వస్తుంది.”

ఇది పరీక్షకు నిలబడని మాట. కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లు కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణచే మందులు ఏళ్ల తరబడి వాడతారు. ఇమ్యూనిటీ తగ్గడమే రొమ్ము క్యాన్సర్‌కు కారణమైతే, అందరికన్నా ముందు వాళ్లలో అది విపరీతంగా కనిపించాలి. అమెరికాలో 1,75,000కు పైగా అవయవ మార్పిడులను పరిశీలించిన అధ్యయనం 2011లో వచ్చింది. లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్), చర్మ క్యాన్సర్లు, కాలేయ క్యాన్సర్ వంటి 32 రకాలు వాళ్లలో ఎక్కువగా ఉన్నాయి. వాటిలో చాలావాటికి వైరస్‌లతో సంబంధం ఉంది, కాబట్టి అది అర్థమయ్యే విషయమే. రొమ్ము క్యాన్సర్ మాత్రం ఆ జాబితాలో లేదు. సాధారణ జనాభాతో పోలిస్తే కొంచెం తక్కువగానే తేలింది.

వయసు, హార్మోన్ల ప్రభావం, బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 వంటి జన్యువుల్లో వారసత్వంగా వచ్చే మార్పులు, నెలసరి ఆగాక పెరిగే బరువు, మద్యం - రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచేవి ఇవి. ఇవేవీ లేనివాళ్లకూ రావచ్చు. ఈ మాటను నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ‘ఇమ్యూనిటీ తగ్గింది కాబట్టే వచ్చింది’ అనగానే తర్వాతి మాట ‘నువ్వు సరిగ్గా తినలేదు, ఒంటిని పట్టించుకోలేదు’ అన్న నింద. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి ఆఖరున తినే మనిషికి జబ్బు వస్తే, ఆ జబ్బుకు కారణం ఆమే అని చెప్పడం క్రూరత్వం. అందులో శాస్త్రం కూడా లేదు.

“రక్షక కణాలు తక్కువైనందువల్లే గడ్డ పెరుగుతోంది.”

అసలు గుట్టు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

రొమ్ము గడ్డ నుంచి తీసిన ముక్కను పలుచటి పొరలుగా కోసి, గాజు పలక మీద రంగులు వేసి, పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద పెడతారు. కణాల మధ్య ఉండే పీచు కణజాలం గులాబీ రంగులో కనిపిస్తుంది. క్యాన్సర్ కణాలు పెద్ద పెద్ద కేంద్రకాలతో గుంపులుగా ఉంటాయి. వాటి చుట్టూ, మధ్యమధ్యలో, ముదురు నీలం చుక్కలు చల్లినట్టు చిన్న కణాలు కనిపిస్తాయి. అవి లింఫోసైట్లు, రక్షణ పని చేసే ఒక రకం తెల్లకణాలు. కణం నిండా కేంద్రకమే ఉండటంతో అలా చుక్కల్లా ఉంటాయి. గడ్డ మధ్యలోని పీచు భాగంలో ఎంత శాతం మేర ఈ కణాలు పరుచుకున్నాయో పాథాలజిస్టు అంచనా వేసి రాస్తారు. కొన్ని బయాప్సీ రిపోర్టుల్లో ‘టిల్స్ 10 శాతం’, ‘టిల్స్ 60 శాతం’ అని ఉండేది అదే. టిల్స్ అంటే గడ్డలోకి చొరబడిన లింఫోసైట్లు. కొందరి గడ్డల్లో అవి దాదాపు ఉండవు. కొందరి గడ్డల్లో సగానికి పైగా అవే ఉంటాయి. అంటే రక్షక కణాలు నిండుగా ఉన్నచోట కూడా గడ్డ పెరిగిందన్నమాట.

ట్రిపుల్ నెగెటివ్ రకంలో, అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, హెర్2 గ్రాహకాలు (పెరుగుదల సంకేతాలను అందుకునే ప్రోటీన్లు) మూడూ లేని రకంలో, టిల్స్ ఎక్కువగా ఉండటం మంచి సూచన. 2024లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం, ఆపరేషన్ అయ్యాక కీమో తీసుకోని 1,966 మంది ట్రిపుల్ నెగెటివ్ రోగుల వివరాలు చూసింది. మొదటి దశలోనే గడ్డ దొరికినవాళ్లలో, టిల్స్ 50 శాతం, అంతకు మించి ఉన్నవాళ్లలో 94 శాతం మంది ఐదేళ్ల తర్వాత కూడా జబ్బు దూర భాగాలకు పాకకుండా ఉన్నారు. టిల్స్ 30 శాతం కన్నా తక్కువ ఉన్నవాళ్లలో అది 78 శాతం. ఇది చూసి సందేశం రాసినవాళ్లు సంబరపడనక్కర్లేదు. వీళ్లందరికీ ఆపరేషన్ జరిగింది. ఆ కణాలు గడ్డను కరిగించలేదు. గడ్డ తీసేశాక మిగిలినదాన్ని అదుపులో పెట్టడానికి తోడ్పడ్డాయి.

పైగా ఈ లెక్క అన్ని రకాలకూ వర్తించదు. 3,771 మంది వివరాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో, హార్మోన్ గ్రాహకాలుండి హెర్2 లేని రకంలో టిల్స్ ఎక్కువగా ఉన్న రోగులు ఎక్కువకాలం బతకలేదు, ఇంకా తక్కువకాలమే బతికారు. అదే పేరున్న జబ్బు, అదే తెల్లకణాలు, ఫలితం మాత్రం తారుమారు. ‘ఎక్కువైతే మేలు’ అన్న సూత్రం ఇక్కడే చెల్లకుండా పోతుంది.

ఎందుకిలా అంటే, గడ్డలోకి చేరిన కణాలన్నీ ఒకే పని చేయవు. లింఫోసైట్లలో ఒక రకమైన సీడీ8 టి కణాలు క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపగలవు. కానీ నెలల తరబడి అదే శత్రువును చూస్తూ చూస్తూ అవి అలసిపోతాయి. పీడీ-1 వంటి అణువులు వాటి మీద పెరిగిపోయి, ఎదురుగా క్యాన్సర్ కణం ఉన్నా చంపలేని స్థితికి వస్తాయి. రెగ్యులేటరీ టి కణాలు అని ఇంకొక జాతి ఉంది. మన సొంత అవయవాల మీద మన కణాలే దాడి చేయకుండా ఆపడం వాటి పని. షిమోన్ సకగుచి 1995లో వీటిని గుర్తించారు. ఆయనతో పాటు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ వచ్చింది ఈ అదుపు వ్యవస్థను వెలికితీసినందుకే. ఒంటికి ఎంతో అవసరమైన ఈ కణాలనే గడ్డ తనవైపు రప్పించుకుని, తన చుట్టూ ఉన్న దాడిని చల్లార్చుకుంటుంది.

మాక్రోఫేజుల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. చెత్తను మింగి, గాయాలను మాన్పే కణాలవి. రొమ్ము గడ్డలో చేరాక చాలావరకు గాయం మాన్పే పనిలోనే ఉండిపోతాయి: కొత్త రక్తనాళాలకు దారులు వేస్తాయి, పెరుగుదలకు కావలసిన రసాయనాలు అందిస్తాయి, క్యాన్సర్ కణాలు రక్తనాళంలోకి దూరడానికి తోవ చూపిస్తాయి. మాక్రోఫేజులు పెరగడానికి కావలసిన సీఎస్ఎఫ్-1 అనే పదార్థం లేని ఎలుకల మీద న్యూయార్క్ పరిశోధకులు చేసిన ప్రయోగం 2001లో వెలువడింది. ఆ ఎలుకల్లో రొమ్ము గడ్డలు మామూలుగానే పుట్టాయి, ఊపిరితిత్తులకు పాకడం మాత్రం బాగా తగ్గింది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు కూడా ఇలాంటి పని చేయగలవు. రొమ్ము క్యాన్సర్ రోగుల రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాల్లో కొన్నింటికి న్యూట్రోఫిల్స్ అంటుకుని తోడు వెళ్తున్నాయని, అలా తోడు దొరికిన కణాలు మరింత చురుగ్గా విభజన చెందుతున్నాయని స్విట్జర్లాండ్‌లోని బేసెల్ బృందం 2019లో చూపించింది.

ఇప్పుడు చెప్పండి. ‘ఇమ్యూనిటీ పెంచండి’ అంటే వీటిలో దేన్ని పెంచాలి? అలసిన టి కణాన్నా, దాడిని చల్లార్చే కణాన్నా, గడ్డకు రక్తనాళాలు సమకూర్చే మాక్రోఫేజునా? కషాయం లోపలికి వెళ్లి ఈ తేడా ఎలా పోల్చుకుంటుంది?

“తెల్లకణాల కౌంట్ చూసుకుంటే ఇమ్యూనిటీ ఎంతుందో తెలిసిపోతుంది.”

తెలియదు. కౌంట్ అనేది రక్తంలో తిరిగే కణాల సంఖ్య. గడ్డ లోపల ఏ కణాలున్నాయో, అవి ఏ స్థితిలో ఉన్నాయో అది చెప్పదు. రొమ్ము క్యాన్సర్ బయటపడిన రోజున చాలామందికి కౌంట్ మామూలుగానే ఉంటుంది. కౌంట్ బాగుంది కదా అని గడ్డను వదిలేయడం ప్రమాదం.

“క్యాన్సర్ కణానికి ప్రోటీన్ గోడ ఉంటుంది, గుడ్డు, మాంసం మానేస్తే కిల్లర్ సెల్స్ పని చేస్తాయి.”

మనిషి కణాలకు గోడలే ఉండవు. గోడలుండేది మొక్కల కణాలకు, బ్యాక్టీరియా వంటివాటికి. మన కణం చుట్టూ ఉండేది కొవ్వు పదార్థంతో చేసిన పలుచటి పొర, క్యాన్సర్ కణానికీ అదే. ఆ పొర మీద ప్రోటీన్లు ఉంటాయి, నిజమే. కానీ అవి టి కణానికి అడ్డు కావు, ఆధారం. ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రోటీన్ల తునకలను ఎంహెచ్‌సీ అనే ప్రోటీన్ మీద పెట్టి బయటికి చూపిస్తూ ఉంటుంది. టి కణం వచ్చి ఆ తునకను తడిమి చూసి, తేడా ఉంటే చంపుతుంది. చాలా క్యాన్సర్ కణాలు తప్పించుకునేది ఆ ఎంహెచ్‌సీని దాచేసి, అంటే ప్రోటీన్‌ను తగ్గించుకుని. సందేశం చెప్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు. మాంసం అరిగించే ఎంజైములు మిగిలిపోయి గడ్డ దగ్గరికి వెళ్లడం అనేది అసలే జరగదు. వాటి పని పొట్టలో, పేగులోనే.

ఈ ఒక్క మాట చేసే హాని నేను దగ్గర నుంచి చూశాను. మా బంధువుల్లో ఒకామె కీమో మధ్యలో గుడ్డు మానేసింది, మాంసం మానేసింది, చివరికి పాలు, పెరుగు కూడా మానేసింది. బరువు తగ్గి, నీరసించి, తర్వాతి డోసు వాయిదా పడింది. కీమో తర్వాత ఎముక మజ్జ కొత్త తెల్లకణాలను తయారు చేయాలన్నా, ఆపరేషన్ గాయం మానాలన్నా ప్రోటీన్ కావాలి. మాంసం తినే అలవాటు లేనివాళ్లకు పప్పు, పెరుగు, సెనగలు, వేరుసెనగలు ఉన్నాయి. కానీ తినగలిగినవి మానేయమనడం రోగి తిండి లాగేసుకోవడమే.

“కీమో ఇమ్యూనిటీని శాశ్వతంగా చంపేస్తుంది.”

కీమోతో తెల్లకణాలు పడిపోతాయి. దాచాల్సిన పనిలేదు. డోసు ఇచ్చిన 7 నుంచి 14 రోజుల మధ్య న్యూట్రోఫిల్స్ బాగా తగ్గుతాయి, ఆ తర్వాత మజ్జ కోలుకుంటుంది. చాలా మందులు మూడు వారాలకొకసారి ఇవ్వడానికి ఒక ముఖ్య కారణం అదే. కౌంట్ మరీ పడిపోయే ప్రమాదం ఉంటే మజ్జను ప్రేరేపించే ఇంజెక్షన్లు ఇస్తారు. కొన్ని రకాల లింఫోసైట్లు పూర్తిగా తేరుకోవడానికి నెలలు పట్టవచ్చు. ఈ కాలంలో 100.4 డిగ్రీల జ్వరం వచ్చిందంటే మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూడకూడదు, రాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. ఈ సందేశం బదులు ఈ ఒక్క వాక్యాన్ని అందరికీ పంపితే ప్రాణాలు నిలుస్తాయి.

కీమోకు ఇంకొక ముఖం కూడా ఉంది. డాక్సోరూబిసిన్ వంటి మందులతో చనిపోయే క్యాన్సర్ కణం చనిపోతూ కాల్‌రెటిక్యులిన్ అనే ప్రోటీన్‌ను పైకి తెస్తుంది. అది చూసి రోగనిరోధక కణాలు ఆ కణాన్ని మింగి, దాని ఆనవాళ్లను టి కణాలకు చూపిస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. గడ్డలో టిల్స్ ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆపరేషన్‌కు ముందిచ్చే కీమో ఎక్కువగా పనిచేస్తోందన్నది రోగుల్లోనే పదేపదే రుజువైంది. కీమోకూ రోగనిరోధక కణాలకూ ఉన్నది పగ ఒక్కటే అయితే ఇది జరిగేది కాదు. హెర్2 ఎక్కువగా ఉండే రకానికి 1998 నుంచి వాడుతున్న ట్రాస్టుజుమాబ్ అనే మందు కూడా అంతే. అది క్యాన్సర్ కణానికి అతుక్కుని పెరుగుదల సంకేతాన్ని ఆపడమే కాక, ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలను అక్కడికి రప్పిస్తుంది. సందేశం కలవరించే ‘కిల్లర్ సెల్స్’ అవే. వాటిని పనిలో పెట్టే మందు ఆసుపత్రిలోనే ఉంది.

“చంకలో గ్రంథులు తీస్తే రక్షణ పోతుంది.”

శరీరంలో ఇలాంటి లింఫ్ గ్రంథులు వందల సంఖ్యలో ఉన్నాయి. ఒక చంకలోవి తీసినంత మాత్రాన ఒంటి రక్షణ మొత్తం పోదు. ఆ చేతి వరకు వాపు రావచ్చు, ఆ చేతికి గాయాలైతే త్వరగా ఇన్ఫెక్షన్ సోకవచ్చు, కాబట్టి జాగ్రత్త అవసరం. ఆ వాపు భయం వైద్యులకూ ఉంది. అందుకే ఇప్పుడు వీలైనచోట గడ్డ వైపు నుంచి వచ్చే ద్రవం ముందుగా చేరే ఒకటి రెండు గ్రంథులను మాత్రమే తీసి పరీక్షిస్తున్నారు. ఒకటి రెండు గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్నా, రొమ్మును నిలిపే ఆపరేషన్, రేడియేషన్ జరిగే ఎంపిక చేసిన రోగుల్లో మిగతావి తీయకపోయినా పదేళ్ల తర్వాత బతికి ఉన్నవారి శాతం తగ్గలేదని జడ్0011 అనే ప్రయోగం 2017లో చూపించింది. ఎన్ని తీయాలన్నది సర్జన్‌ను అడగాల్సిన ప్రశ్న, తప్పకుండా అడగండి. అసలు తీయించుకోవద్దనడం వేరు.

“తిప్పతీగ, పసుపు, గోధుమగడ్డి రసం మూడు నెలలు తాగితే చాలు.”

2020 చివరి నెలల్లో ముంబైలో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్న సంగతిని అక్కడి వైద్యులు మరుసటి ఏడాది ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. ఆ తర్వాత 2022లో, హైదరాబాద్ వైద్యులు కూడా పాల్గొన్న 13 కేంద్రాల అధ్యయనం అలాంటి 43 మంది వివరాలు బయటపెట్టింది. చాలామందిలో కనిపించింది శరీరమే తన కాలేయం మీద దాడి చేసే తీరు. ‘ఇమ్యూనిటీ పెరగడం’ అంటే ఒక్కోసారి ఇదీ కావచ్చు. డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్ వంటి మందులను ఒంట్లోంచి తొలగించేది కాలేయమే. అది దెబ్బతింటే కీమో మోతాదు తగ్గించాలి, లేదా ఆపాలి. వంటలో పసుపు వేసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. గుప్పెడు మాత్రలు, లోటాడు కషాయాలు మాత్రం డాక్టర్‌కు చెప్పకుండా వాడకూడదు.

ఇక వైద్యం మానేసి ఇవే నమ్ముకుంటే ఏమవుతుందో కూడా లెక్క ఉంది. అమెరికాలో 2018లో వచ్చిన అధ్యయనంలో, నయం కాగల దశలో ఉండి కూడా ప్రత్యామ్నాయ పద్ధతులను మాత్రమే ఎంచుకున్న రొమ్ము క్యాన్సర్ రోగులకు మరణ ముప్పు 5.68 రెట్లు ఎక్కువగా తేలింది.

“ఇమ్యూనిటీతోనే క్యాన్సర్ నయమవుతుందని నోబెల్ ఇచ్చారు, డాక్టర్లు ఆ సంగతి చెప్పరు.”

2018లో జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు ఇచ్చారు. దేనికి ఇచ్చారో సందేశం చెప్పదు. టి కణాల మీద సీటీఎల్ఏ-4, పీడీ-1 అనే బ్రేకులున్నాయని, వాటిని విడిపిస్తే క్యాన్సర్ మీద దాడి మళ్లీ మొదలవుతుందని చూపినందుకు ఇచ్చారు. టి కణాలకు బలం చాలక కాదు, బ్రేకు పడి ఆగాయి. ఆ బ్రేకు తీసే మందు ఒక నిర్దిష్ట అణువు మీద పనిచేసే యాంటీబాడీ. ఏ ఆకు రసమూ ఆ పని చేస్తుందని రుజువు కాలేదు. బ్రేకు తీస్తే థైరాయిడ్, పేగులు, ఊపిరితిత్తులు, కాలేయం మీద కూడా దాడి జరగవచ్చు, కొందరికి ప్రాణాపాయం దాకా వెళ్తుంది. అందుకే ప్రతి డోసుకూ రక్తపరీక్షలు చేస్తారు.

డాక్టర్లు చెప్పరన్నది కూడా అబద్ధమే. రెండు, మూడు దశల్లోని ట్రిపుల్ నెగెటివ్ రోగుల మీద కీనోట్-522 ప్రయోగం జరిగింది. ఆపరేషన్ నాటికి గడ్డ ఆనవాలు లేకుండా పోయినవాళ్లు కీమో ఒక్కటే ఇచ్చిన గుంపులో 51.2 శాతం, పీడీ-1 బ్రేకు తీసే పెంబ్రోలిజుమాబ్ కలిపి ఇచ్చిన గుంపులో 64.8 శాతం. ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు 81.7 శాతం నుంచి 86.6 శాతానికి పెరిగారు. గమనించండి, కీమోకు బదులుగా కాదు, కీమోతో కలిపి. భారతీయ రోగుల్లో దాదాపు మూడో వంతు మందిది ట్రిపుల్ నెగెటివ్ రకం, పాశ్చాత్య దేశాల కన్నా చాలా ఎక్కువ. అంటే ఈ మందు అవసరం మనకే ఎక్కువ. మరి అందుతోందా? ఒక్కో డోసు ఖర్చు లక్షల్లో ఉంటుంది, పూర్తి చికిత్సకు 17 డోసులు. కూలి చేసుకునే కుటుంబం ఆ మాట విని లేచి వచ్చేస్తుంది. ‘డాక్టర్లు దాచిపెడుతున్నారు’ అని సందేశాలు పంపే ఓపిక ఉన్నవాళ్లు ఈ ధర గురించి తమ ఎమ్మెల్యేను, ఎంపీని, ఆరోగ్య శాఖను అడగాలి.